మా పెరట్లో పరాయి గెల

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు అరటాకుల సందుల్లో మా నబుకేర అక్క తెల్లగౌను ముందు కనపడేది, తర్వాత అక్క కనపడేది. ఇప్పటికీ సాయంత్రం మంచు దిగితే ఆ గౌను అలాగే వస్తుంది. లోపల ఎవరూ ఉండరు.

పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. పురుళ్ళు పోసే నర్సు. బిడ్డ తర్వాత పడే మాయని మాత్రం ఆస్పత్రి గోతిలో వెయ్యనిచ్చేది కాదు. మా గాండా తెగవాళ్ళకి అది బిడ్డతో పుట్టిన కవల. అరటాకులో చుట్టి బిడ్డ నాయనమ్మ చేతికిస్తే, ఆమె తన ఇంటి అరటి మొదట్లో పాతుతుంది. ఆడపిల్లకి కూరరటి, మగపిల్లాడికి కల్లు చేసే అరటి. ఆ చెట్టు గెల తండ్రి ఇంటివాళ్ళే ముట్టాలి. పరాయి నోట పడితే బిడ్డ దక్కదు.

వాగవతలి కవేసా భార్యకి మా ఆస్పత్రిలో కొడుకు పుట్టిన రోజున వాగు పొంగింది. కవేసా, వాళ్ళమ్మ అవతలే ఆగిపోయారు. అక్క ఆ మాయ పొట్లం ఇంటికి తెచ్చి మా కల్లరటి కింద తవ్వి పాతింది.

"వాళ్ళది మన పెరట్లో ఎందుకే?" అన్నాను.

"గోతిలో పారేస్తే నాకు నిద్ర పడుతుందా? గెల పండాక వాళ్ళనే కోసుకోమందాం. నువ్వు మేకని కట్టెయ్యి. అది నీకంటే తిండిపోతు."

మర్నాడు వాగు తగ్గి కవేసా వచ్చాడు. "నర్సమ్మ పట్టుకెళ్ళింది" అందట ఊడ్చే మనిషి. మాయలు మంత్రగాళ్ళకి అమ్ముతున్నారని అప్పటికే ఊళ్ళో పుకారు.

"నా కొడుకు కవలని ఎవడికమ్మావే?" అని ఆస్పత్రి వరండాలో స్టూలెత్తి అక్క తలమీద కొట్టాడు.

"మా పెర..." అందట అక్క. అంతవరకే.

ఇంటికి తెచ్చాక ఒక్కసారి కళ్ళు తెరిచింది. "మేకని కట్టావా?" అంది. మళ్ళీ తెరవలేదు.

మా ఆచారంగా చెట్టుబెరడు బట్టలో చుట్టి మట్టిచేశాం. కవేసాని జైల్లో పెట్టారు. ఆ పొట్లం ఎక్కడుందో మా ఆయనకి తప్ప నేనెవరికీ చెప్పలేదు. వానలు వచ్చిపోయాయి. చెట్టు గెల వేసింది.

"నరికి మేకకి పడెయ్యి. మన ఇంటి మనిషి పోయింది, వాడి ఇంట్లోనూ ఏడుపు వినపడనీ" అన్నాడు మా ఆయన.

కత్తి పట్టుకునే వెళ్ళాను. మంచు పడుతోంది. గెల కిందికి వంగి, నిద్రపోయే పిల్లాడి తలలా తూగుతోంది. చెట్టు వెనక తెల్లగా ఏదో కదిలింది. ఎండుటాకేమో. చాలాసేపు నిలబడి, తిరిగొచ్చి మేక తాడు ఇంకో ముడి బిగించాను.

కాయ ముదిరాక కబురు పంపాను. కవేసా తల్లి మనవణ్ణి వీపుకి కట్టుకుని వచ్చింది. తోట మొదట్లోనే మోకాళ్ళమీద కూర్చుంది. లేవమన్నా లేవలేదు.

"నిజంగా ఇక్కడేనా, తల్లీ?"

"ఇక్కడే. కొడుతుంటే అక్క అదే చెప్పబోయింది."

ఆమె చీరకొంగులాంటి పైబట్ట నోట్లో కుక్కుకుంది. వీపుమీద పిల్లాడు నన్ను చూసి నవ్వాడు. రెండే పళ్ళు. పుట్టేటప్పుడు అక్క పట్టిన తల.

కత్తి పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాను. "మీరే కొయ్యాలమ్మా. నేను ముట్టకూడదు."

కోసింది. పిలక ఒకటి తవ్వుకెళ్ళి వాళ్ళ పెరట్లో నాటుకోమన్నాను. రెండోది ఇక్కడే ఉంది, నా మోకాలెత్తు వచ్చింది.

మేకని ఇంకా కట్టే ఉంచుతున్నాను.