గంటా పావు దూరం

మా లెక్కల మాస్టారు పోయారు. ఉదయం ఏడింటికి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. ఆయనది శృంగవరపుకోట, నేనుండేది హైదరాబాదులో. "విమానంలో గంటా పావే. పన్నెండుకల్లా వచ్చేస్తాను, ఉంచండి" అన్నాను. ఆయన దగ్గర కాలం, దూరం లెక్కలు నేర్చుకున్న మనిషి అనాల్సిన మాట కాదది.

దూరాన్ని వేగంతో భాగించి చేతులు కట్టుకుంటే ఆయన సగం మార్కులే వేసేవారు. "టేసన్ దాకా నిన్నెవుడు మోసుకెల్తాడే? ఇంటికాడ బయల్దేరి ఇంటికాడ దిగాల. మద్దెలోదే రైలు లెక్క" అనేవారు. మేం నడకా, రిక్షా, టికెట్టు వరసా అన్నీ కలిపి రాసేవాళ్లం.

ఆయన మహా కోపిష్టి. సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదు. పదో తరగతి లెక్కల్లో తప్పిన నన్ను వేసవంతా తన వీధరుగు మీద కూర్చోబెట్టి చెప్పారు. ఒక్కనాడూ మెచ్చుకోలేదు. నేనీరోజు తింటున్న అన్నం ఆ అరుగు పెట్టిందే.

ఉద్యోగం కొత్తలో రాత్రంతా రైల్లో కూర్చుని ఏడాదికి మూడుసార్లు వచ్చి చూసేదాన్ని. విమానం ఎక్కడం అలవాటయ్యాక నాలుగేళ్లలో ఒక్కసారీ రాలేదు. గంటే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఈ 'ఎప్పుడైనా' అంత దగాకోరు మాట ఇంకోటి లేదు.

మంచం పట్టాక ఆయనే ఫోన్లో అడిగారు. "గంటే అంతావు కదే, మరేటి అడ్డం?"

"భోగాపురంలో కొత్త విమానాశ్రయం తెరిస్తే ఇంకా సుళువు మాస్టారూ. అప్పుడు తరచూ వస్తాను."

"అందాకా నేనుంటానేటే" అన్నారు. నేను నవ్వాను. సిగ్గులేని నవ్వు.

ఆ రోజు దొరికింది ఒంటిగంట విమానం. అదీ ఆలస్యం. ఇంటి నుంచి విమానాశ్రయానికి రెండు గంటలు, అక్కడ తనిఖీలు, విశాఖలో దిగాక మళ్లీ కారు. ఐదొందల కిలోమీటర్లూ గాల్లో గంటా పావులోనే అయిపోయాయి, అందులో అబద్ధం లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇంకో గంట" అన్నాను. అదే అబద్ధం.

ఆడవాళ్లం శ్మశానానికి వెళ్లం. చూస్తే ఆ గుమ్మంలోనే చూడాలి. నేను కారు దిగేసరికి ఐదు దాటింది. మగవాళ్లు తడిబట్టలతో తిరిగొస్తున్నారు.

"నువ్వొస్తావనీసి మూడు దాటీదాకా ఉంచినాం తల్లీ" అన్నారు మాస్టారి భార్య. "పొద్దు వాలిపోతందని అందరూ కేకలేసినారు. ఇదిగో వస్తాది, అదిగో వస్తాదని నేనే ఆపినాను." తిట్టలేదు. తిట్టినా బాగుండును.

ఆవిడ పక్కన కాసేపు కూర్చుని లేచాను. చావింటి నుంచి కదిలేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదు. నాలుగేళ్లుగా ఆ ఇంటికి వస్తాను, వస్తాను అన్నదాన్ని, నోరు మూసుకుని మెట్లు దిగాను. శవం లేచాక కడిగిన వాకిలి ఇంకా తడిగానే ఉంది.