సుగుణక్క చదివించిన కాగితం

మొన్న ఉదయం కోడలు కుక్కర్ మూత తీయగానే ఉడికిన పల్లీల వాసన ముందు గదిదాకా వచ్చింది. సుగుణక్క గుర్తొచ్చింది. చేవెళ్లలోని ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబుకు ఆమె పెద్ద. ఆమె కింద నేను చాలా ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. పదకొండింటికి వరండాలో కూర్చుని డబ్బా తెరిచేది. ఉడకబెట్టిన పల్లీలు, ఒక గుడ్డు. నాకు సగం పెట్టనిదే తినేది కాదు.

నాకు అన్నీ వరసలో ఉండాలి. పరీక్ష కిట్ల డబ్బాల్లో మడతపెట్టిన సూచనల కాగితాలు వస్తాయి. అందరూ పారేస్తారు. నేను ప్రతిదానిమీదా తేదీ వేసి ఫైలులో పెట్టేవాణ్ని. అక్క ఒకసారి అడిగింది.

"ఇన్ని జమ చేసినవ్, చదివినవా రామచంద్రం?"

"భద్రంగ పెట్టిన అక్కా."

"పెండ్లి చీర లెక్క దాస్తే ఏం ఫాయిద?" అని నవ్వింది. నేనూ నవ్వి, ఫైలు మళ్లీ అరలో పెట్టేశాను.

యాదమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసులో తోటపని చేసేది. జుట్టు రాలుతోందని, నీరసంగా ఉందని చెబితే డాక్టరు థైరాయిడ్ పరీక్ష రాశాడు. గ్రంథి మితిమీరి పనిచేస్తోందని మా ల్యాబులో తేలింది. రిపోర్టు చూసి డాక్టరు మందు రాశాడు. ఆ చీటీ పట్టుకుని, మందు కొనకముందే ఆమె మా దగ్గరికి వచ్చింది.

"మా మేనత్తకు గిదే థైరాయిడ్‌కు గొంతు కోసిన్రు సారు. నాకు గూడ కోస్తరా?"

ఆ పరీక్ష చేసిన నాటి నా డైరీలో "కంట్రోల్స్ సరి" అని ఉంది. అంటే యంత్రాన్ని సరిచూసే నమూనాలు సరిగానే వచ్చాయి, యంత్రంలో లోపం లేదు. "రిపోర్టు కరెక్టే ఉన్నదమ్మా" అన్నాను. డైరీ మూసి పక్కన పెట్టాను.

అక్క మాత్రం యాదమ్మ చేతులు ముందుకు చాపించి చూసింది. థైరాయిడ్ ఎక్కువైతే కనిపించే వణుకు లేదు. వేగంగా కొట్టుకోవాల్సిన నాడి నిదానంగానే ఉంది. "ఫికర్ జేయకు, కూసో బిడ్డా. జుట్టుకు ఏమన్న వాడుతున్నవా?"

"మందులేం లేవమ్మా."

"మందు గాదు. నూనె, పొడి, గోళీ, ఎవలన్న ఇచ్చింది?"

"మా మేడమ్ గోళీలిచ్చింది. అవి మందు కాదట, విటమినట. ఒకటే ఏస్కోమన్నది. నేనే జల్ది మొలుస్తదని రెండేస్కుంటున్న."

"రెండేస్కుంటే రెండు జడలొస్తయా?"

యాదమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వి, సంచిలోంచి సీసా తీసింది. బయోటిన్. ఒక్కో గోళీలో రోజుకు కావలసిన దానికి వందల రెట్లు.

అక్క నా ఫైలు తీసి ఒక కాగితం విప్పి నా ముందు పెట్టింది. బయోటిన్ ఎక్కువగా తీసుకునేవారిలో ఈ పరీక్ష తప్పు చూపవచ్చని అందులో స్పష్టంగా ఉంది. దానిమీద తేదీ నా చేతిరాతే.

డాక్టరుకు నాచేతే ఫోన్ చేయించింది. ఆయన మందు వద్దని, గోళీలు ఆపి పదిరోజుల తరువాత మళ్లీ పరీక్ష చేయమని చెప్పాడు. బయోటిన్ మనిషికి చాలా కొద్దిగా చాలు. గుడ్డు పచ్చసొన, కార్జం, పల్లీలు, చిలగడదుంపల్లో అది దొరుకుతుంది. యాదమ్మ బలానికని పచ్చిగుడ్డు తాగుతానంటే అక్క కసురుకుంది. "ఉడకబెట్టి తిను. పచ్చి తెల్లసొన ఆ విటమిన్ను ఒంటికి అందనియ్యదు."

పదిరోజుల తరువాత థైరాయిడ్ మామూలుగా ఉంది. జుట్టు రాలడానికి రక్తహీనత కారణమని డాక్టరు తేల్చాడు.

"అయితె గొంతుల ఏం లేదా సారు?"

"లేదమ్మా."

"మరి ఇన్ని దినాలు పిల్లల మొకాలు చూస్కుంట నేనేడ్సిన ఏడుపు సంగతేంది?"

అక్క వైపు చూశాను. నువ్వే చెప్పు అన్నట్టు ఆమె తలూపింది.

"ఏమేం ఏస్కుంటున్నవని నేను ముందే అడగాల్సింది అమ్మా, అడగలే" అన్నాను. రక్తం ఇచ్చిన మనిషి ముందు నా తప్పు ఒప్పుకోవడం నాకదే మొదలు.

"ఇగ అడుగు సారు. ఏది చెప్పాల్నో మాకు తెల్వదు" అంది యాదమ్మ.

ఆ రోజునుంచి సూది గుచ్చడానికి ముందు ప్రతివారినీ అడిగేవాణ్ని. సుగుణక్క పోయి కొన్నేళ్లయింది, నేను రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరైనా ఒంట్లో బాగోలేదంటే, నాకు తెలిసింది చెప్పడానికి ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను. చెప్పాలని వాళ్లకు తోచని మాట బయటికి రావడానికి కొంతసేపు పడుతుంది.