అత్తగారు ముందు సీట్లో కూర్చుంటేనే ఏసీ

మా కారు నాకు మా బావమరిది దగ్గర నుంచి వచ్చింది. అనకాపల్లిలో అతనిది బెల్లం వ్యాపారం. కొత్త కారు కొనుక్కుంటూ పాతదాన్ని నాకు అంటగట్టాడు. "ఇంజను రాయి బావా. ఇంకో పదేళ్లు తిరుగుతాది" అన్నాడు. ఏసీ గురించి అతనేమీ అనలేదు, నేనూ అడగలేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. బెల్లం వ్యాపారిని కారు గురించి ప్రశ్నలు అడగడం నామోషీ అనుకున్నాను.

మార్చి వచ్చాక తెలిసింది. ఫ్యాను నాబ్‌ను ఒకటి, రెండు, మూడు మీద పెడితే గాలి రాదు. నాలుగు మీద పెడితే రైసు మిల్లులో కూర్చున్నట్టుంటుంది. అంత చప్పుడు చేసినా లోపలికి వచ్చేది వేడిగాలే. ఏసీ బటన్ నొక్కితే పచ్చలైటు మాత్రం వెలుగుతుంది. ఆ లైటును చూసి తృప్తి పడమన్నట్టు.

హైవే పక్కన ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. బానెట్ ఎత్తక ముందే "గ్యాస్ అయిపోనాది సార్" అన్నాడు. గ్యాస్ పట్టాడు. పక్క సీట్లో మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగిలేలా ముడుచుకుని కూర్చుని బటన్ నొక్కితే చల్లగాలి తన్నుకొచ్చింది. నావైపు విజయగర్వంతో చూశాడు. మర్నాడు ఉదయానికి మళ్లీ వేడిగాలి. వెనక్కి వెళ్తే, "గ్యాస్ లీకవుతున్నట్టుంది సార్" అన్నాడు. ఇక అతని మొహం చూడలేదు.

స్వయంగా రంగంలోకి దిగాను. మల్టీమీటరు కొన్నాను. ఇంటర్నెట్లో ఒకాయన, అనుమానం ఉన్న రిలే తీసేసి దాని చోట హారన్ రిలే పెట్టి చూడమన్నాడు. రిలే అంటే చిన్న నల్లడబ్బా, లోపల స్విచ్చు. పెట్టాను. ఏసీ రాలేదు. తీసిన రిలేను హారన్ చోట పెట్టడం మరిచిపోయి బానెట్ మూసేశాను. రెండు రోజులపాటు కిటికీలోంచి తల బయటపెట్టి "జరగండి బాబూ, జరగండి" అని అరుస్తూ బండి నడిపాను. నా విద్యార్థులే నవ్వుకుంటూ జరిగారు. ఇక మీటరుతో ఎక్కడ చూసినా పన్నెండు వోల్టులే. అన్నీ సవ్యంగా ఉన్నాయి, ఏసీ ఒక్కటే లేదు. కరెంటు, వోల్టేజి, రెసిస్టెన్సు గురించి పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాను. అదంతా బోర్డు మీదే పనిచేస్తుందని అప్పుడు తెలిసింది.

మా అత్తగారి గురించి ఇక్కడ చెప్పాలి. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు విశ్రాంతి కోసమని మా ఇంటికి వచ్చింది. అప్పటికి మూడేళ్లయింది. మామగారు పోయాక బెల్లం కొట్లో పదేళ్లు తనే కూర్చుని, తర్వాత కొడుక్కి అప్పగించిన మనిషి. నాకంటే తెలివైందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మర్యాద కోసం ఇద్దరం బయటపడేవాళ్లం కాదు.

మే నెలలో కోటవురట్లలో చుట్టాల పెళ్లి. కాళ్లు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టి, మా ఆవిడ వెనక కూర్చుంది. బయలుదేరిన రెండు నిమిషాలకు ముందు ఎక్కడో టక్‌మంది. చల్లగాలి మొదలైంది. ఎవరైనా మాట్లాడితే ఆగిపోతుందేమోనని కోటవురట్ల చేరేదాకా ముగ్గురం నోరు విప్పలేదు.

తిరుగు ప్రయాణంలో అత్తగారు కాసేపు నడుం వాలుస్తానని వెనక ఎక్కింది. మా ఆవిడ ముందుకొచ్చింది. ఏసీ రాలేదు. దారిలో ముంజలు అమ్ముతుంటే ఆగాం. తిన్నాక అత్తగారు "వెనకాల ఉడికిపోతన్నాను" అంటూ మళ్లీ ముందు సీట్లో కూర్చుంది. టక్. చల్లగాలి.

నేను ఫిజిక్స్ వాణ్ణి కాబట్టి ప్రయోగం మళ్లీ చేశాను. ముంజలమ్మే ఆయన కత్తి పక్కన పెట్టి చూస్తుండగా, తల్లీ కూతుళ్లను నాలుగుసార్లు దింపి ఎక్కించాను. నాలుగుసార్లూ అదే ఫలితం.

"నాను కూర్చుంటే రాదు, అమ్మ కూర్చుంటే వత్తాదా?" అంది మా ఆవిడ. "దీనికి కూడా నానంటే లోకువేనా?"

"దాని ఇష్టవమ్మా. మనవేటి చేత్తాం" అంది అత్తగారు, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి ఎండలో కారు తియ్యాలంటే అత్తగారు ఉండాల్సిందే. బ్యాంకుకి అత్తగారు, కూరలకి అత్తగారు, ఎలమంచిలిలో ఎల్ఐసీ పనికి అత్తగారు. ఎనిమిదింటికల్లా గంజి పెట్టిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. "ఏటి బాబూ, ఇయ్యాల ఎక్కడికి?" అని అడిగేది. పని లేదంటే పని గుర్తుచేసేది. ఒకరోజు పరీక్ష పేపర్లు దిద్దడానికి కాలేజీకి కూడా తీసుకెళ్లాను. స్టాఫ్ రూములో కూర్చుని, పాకానికి ముందు చెరకు రసంలో సున్నం ఎప్పుడు వెయ్యాలో మా కెమిస్ట్రీ లెక్చరరుకి చెప్పింది. ఆయన నోట్సు రాసుకున్నాడు. నా పక్కన పాతికేళ్లుగా కూర్చుంటున్నాడు, నేను చెప్పింది ఒక్క ముక్క రాసుకోలేదు.

వచ్చేటప్పుడు బెల్లం మార్కెట్టు మీదుగా పోనిమ్మనేది. దిమ్మల వరస పక్కనే కారు ఆపించి, అద్దం దించి, చెయ్యి బయటకి చాపి గోటితో గీకేది. "పాకం ముదిరిపోయింది. ఎవరిదయ్యా ఈ సరుకు?" అనేది. ఆవిణ్ణి ఎరిగిన వ్యాపారులు వచ్చి కారు చుట్టూ మూగేవారు. వెనక లారీవాడు హారన్ కొడుతున్నా లెక్కచేసేది కాదు. ఏసీ చల్లదనమంతా మార్కెట్టు పాలయ్యేది.

జూన్‌లో ఆవిడకి జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజులూ నేను కారులో ఉడికాను. మా ఆవిడ వచ్చి నెమ్మదిగా అంది: "ఏవండీ, అమ్మని అడ్డం పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతారు? బాగుచేయించుకోండి."

ఎలమంచిలి రోడ్డులో ఒక రేకుల షెడ్డు. అందులోని కార్ల ఎలక్ట్రీషియన్‌ది మాకవరపాలెం. నలభై దాటి ఉంటాయి. కోలుకున్న అత్తగారు నేనూ వస్తానని బయలుదేరింది. నేను వెళ్లగానే గ్యాస్ గురించి, రిలే గురించి, వోల్టుల గురించి ఉపన్యాసం అందుకున్నాను. అతను అంతా విని, "అది కాదు మాస్టారూ. ఎప్పుడొత్తాది, ఎప్పుడు రాదు, అది సెప్పండి" అన్నాడు.

చెప్పక తప్పలేదు. "మా అత్తగారు ముందు కూర్చుంటే వస్తుంది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కారు దగ్గరికి వచ్చి ముందు తలుపు తీసి, వంగి ఆవిడ కాళ్ల వైపు చూశాడు.

"మామ్మగారూ, కుడికాలు కిందకి దించండి."

దించింది. టక్‌మని ఏసీ ఆగింది.

"మళ్లీ పెట్టండి."

పెట్టింది. టక్. వచ్చింది.

ఆపరేషనైన మోకాలు ముడవలేక ఆవిడ పాదాన్ని ఎత్తి డ్యాష్‌బోర్డు అడుగున ఆనించి కూర్చునేది. అతను ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. ముందున్న సామాన్ల అర ఊడదీశాడు. దాని వెనక తీగలు కలిసే తెల్ల ప్లాస్టిక్ కనెక్టరు ఒకటి, సగం కరిగి మాడిపోయి ఉంది.

"ఫ్యాను మోటారు బిగిసిపోయి కరెంటు ఎక్కువ లాగేత్తంది. ఆ ఏడికి ఇది కరిగింది. ఏసీకెళ్లే తీగ కూడా ఇందులోనే ఉంది, పట్టు లేదు. మామ్మగారి కాలు నొక్కితే అతుక్కుంటంది, తీత్తే ఇడిపోతంది. ఆ ఏడికే ఫ్యాను స్పీడు తగ్గించే రెసిస్టెన్సు కాయిలు కూడా కాలిపోనాది. అందుకే నాలుగో నంబరు ఒక్కటే తిరుగుతంది, దానికి కాయిలుతో పని లేదు."

"కానీ మీటరులో పన్నెండు వోల్టులు చూపించింది" అన్నాను.

"సూపిత్తాది మాస్టారూ." ఆ తీగకు చిన్న బల్బు తగిలించాడు. బల్బు వెలగలేదు. "ఊరికే అడిగితే పన్నెండు అంటాది. పని సెప్పినప్పుడు సూడాల."

ఇది నా పాఠమే. పాడైన అతుకులో రెసిస్టెన్సు పెరుగుతుందని, లోడు లేకుండా కొలిస్తే అది బయటపడదని ఏటా చెబుతాను. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న కూడా. గంటన్నరలో కొత్త కనెక్టరు వేసి, కాయిలు మార్చి, మోటారుకు నూనె పెట్టి ఇచ్చాడు. పక్క సీటు ఖాళీగా ఉండగానే ఏసీ వచ్చింది. ఒకటో నంబరు మీద గాలి చప్పుడు ఎంత మృదువుగా ఉంటుందో మొదటిసారి విన్నాను.

ఇంటికి వస్తుంటే అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పాదాలు రెండూ కిందే ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఆ కాలి సంగతి మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"ముంజలు తిన్న రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు ఫిజిక్స్ మాస్టారు కదా. నేను చెప్తే బాగోదని." కొంతదూరం పోయాక మళ్లీ తనే అంది: "అంతకుముందు మూడేళ్లలో నన్ను ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ తీసుకెళ్లలేదు బాబూ. ఇంట్లో కూర్చుంటే ఊసుపోదు. కాలు పెట్టుకుంటే మార్కెట్టు కనిపిత్తంది, పెట్టుకున్నాను."

కోపం రాలేదు. సిగ్గనిపించింది. ఆ రెండు నెలలూ ఆవిణ్ణి నేను కారు సామానులాగే వాడుకున్నాను, ఆవిడ నన్ను డ్రైవరులా వాడుకుంది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పో తేల్చుకోలేక ఇంటి మలుపు దాటేసి నేరుగా మార్కెట్టుకు పోనిచ్చాను. ఆవిడ అద్దం దించింది.

ఇప్పుడు వారానికి రెండు రోజులు మార్కెట్టుకి వెళ్తున్నాం, ఏ పనీ లేకుండానే. ముందు సీటు ఆవిడదే. వెనక సీట్లోకి గాలి రావడం లేదని మా ఆవిడ ఫిర్యాదు. ఆ షెడ్డు అతన్ని అడిగితే, "ముందోళ్లకి తగిలాకే ఎనక్కి ఎల్తాది మాస్టారూ, ఆ మోడల్ అంతే" అన్నాడు. ఆ మాట మా ఆవిడకి నేనింకా చెప్పలేదు.