వెనకనుంచి రండి సార్

మా లైనులో కోళ్ళని ఖరిదా పేట దాకా తరిమి, ఒక ఆవుని అజ్ఞాతవాసానికి పంపి, మా ఇంట్లో ఇడ్లీ అనే పదార్థాన్ని కొన్నేళ్ళపాటు రూపుమాపిన ఘనుడెవరయ్యా అంటే నేనే. తుపాను కాదు, వరద కాదు. డిగ్రీ పాసై ఉద్యోగం రాని కుర్రాడు ఒక్క ఉపన్యాసం వింటే ఎంత పని చేయగలడో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఎనభైల్లో మాట. బెంగాల్లోని ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా నాన్నకి రైల్వే క్వార్టరు ఉండేది. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టర్ల వరసని మేం లైను అంటాం. మాది గదిన్నర ఇల్లు. అందులో అమ్మ, నాన్న, నేను, ముగ్గురు చెల్లెళ్ళు. వెనకవైపు నాన్న స్వహస్తాలతో కట్టిన రేకుల గదిలో మా అత్త, అంటే నాన్నకి అక్క. మావయ్య పోయాక సోంపేటలో మరుదుల పంచన మాటలు పడలేక, ఒక ట్రంకు పెట్టెతో, ఒక రుబ్బురోలుతో రైలెక్కి మా దగ్గరికి వచ్చేసింది. రుబ్బురోలుని రైల్లో ఎలా తెచ్చిందని అడక్కండి. మా అత్త తేవాలనుకుంటే రైలింజన్ని కూడా చంకన పెట్టుకుని తెస్తుంది.

ఆ రేకుల గది ఏ కాగితంలోనూ లేదు. మాదే కాదు, ప్రతి ఇంటి వెనకా ఏదో ఒకటి ఉండేది. ఒకరికి ఆవుపాక, ఒకరికి కోళ్ళగూడు, ఒకరికి కొత్తగా పెళ్ళైన కొడుక్కి గది. లైనుని ముందునుంచి చూస్తే గీత గీసినట్టుండేది. వెనకనుంచి చూస్తే సంత. అందుకని ఆఫీసు మనిషిని వెనక్కి రానివ్వకూడదన్నది మా వాళ్ళ నియమం. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పరు, తల్లిపాలతో పాటు వచ్చేస్తుంది. నేను మరి ఏ పాలు తాగానో ఏమో!

ఆ యేడు తెలుగు బడి వార్షికోత్సవానికి ఓ పెద్దాయన వచ్చి మాట్లాడాడు. "సమస్యని చూసి తల దించుకుని పోయేవాడు ఉత్త మనిషి. ఆగి, ఇదేమిటని అడిగేవాడే పౌరుడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయారు. నేను మాత్రం పౌరుణ్ణైపోయి ఇంటికి వచ్చాను.

పౌరుడికి సమస్య కావాలి కదా! మా అత్త గదిని ఆనుకునే దొరికింది. అక్కడ నీళ్ళ పైపుకి ఓ అతుకు ఉండేది. నేను పుట్టకముందునుంచీ అది కారుతూనే ఉంది. లైనంతా దానికి గోనెపట్టా చుట్టి, కింద బచ్చలి పెంచుకుని, హాయిగా కాపురం చేస్తోంది. ఆఫీసువాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్ళకి తెలీదు. ఎందుకు చెప్పలేదో నేను ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

తలకి నూనె రాసుకుని, సైకిలెక్కి, తిన్నగా క్వార్టర్ల మరమ్మతులు చూసే పనుల ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బెంగాలీ బాబు, మంచివాడు. కుర్చీ చూపించాడు. కుర్చీలో కూర్చున్న పౌరుడికి ఇక పట్టపగ్గాలుంటాయా?

"ఆదివారం పొద్దున్న నేనే వచ్చి చూస్తాను. ఇల్లెక్కడ?" అన్నాడాయన హిందీలో.

ఇప్పుడు నేనన్న మాట వినండి. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"ముందునుంచి వస్తే ఏమీ కనపడదు సార్. వెనకనుంచి రండి. అంతా బాగా కనిపిస్తుంది."

శనివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర ఈ శుభవార్త చెప్పాను. నాన్న చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏటిరా, ఏటన్నావు? మల్లీ సెప్పు."

"రేపు ఇన్‌స్పెక్టర్ బాబు వస్తన్నాడు నాన్నా. పైపు బాగుసేయించేస్తాడు."

"ఎటునుంచి వస్తాడు?"

"ఎనకనుంచి రమ్మన్నాను."

"ఒరే! ఆడికి కనపడీది పైపొక్కటేనేట్రా? ఎనకాల మీ అత్త గది కనపడదేటి? కూల్చీమంటే ఏటి సేస్తావు, ఎక్కడ పెడతావు మీ అత్తని, నీ నెత్తిమీదా?"

అప్పుడు వెలిగింది నాకు. అత్త లేచి చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్ళింది. వెనకాలే వెళ్ళి చూస్తే ట్రంకు పెట్టె తెరిచి చీరలు సర్దుకుంటోంది.

"ఏటి సేస్తన్నావత్తా?"

"సోంపేట ఎలిపోతానురా అల్లుడా. నా వొల్ల మీ నాన్నకి మాట రాకూడదు."

ఆ ఊళ్ళో ఆమెకి అన్నం పెట్టేవాళ్ళున్నారు, కానీ మెతుక్కో మాట కలిపి పెడతారు. ఏడుపు ముంచుకొచ్చింది నాకు. నవ్వుల కథ అని మొదలుపెట్టాను గానీ, ఈ ఒక్క చోట నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఈలోగా కబురు లైనంతా పాకిపోయింది. అందరూ నన్ను చూసి పళ్ళు నూరారు, నూరుతూనే పనిలో పడ్డారు. కోళ్ళని బుట్టల కింద మూసి ఖరిదాలో చుట్టాలింటికి తరలించారు. ఎదురింటి ఆవుని ఊరి బయట సాలువా వైపు తోలుకుపోయారు. అది వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి నన్నే చూసింది. అన్నీ కదిలాయి. కదలనిది మా అత్త గది ఒక్కటే.

అప్పుడు వచ్చాడు పక్కింటి డేవిడ్ మావయ్య. వర్క్‌షాపులో వడ్రంగి. ఆదివారం ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవాడు. ఆయన మా నాన్నని బావా అనేవాడు, ఎందుకో ఎవరికీ తెలీదు.

"బావా, గది పీకక్కర్లేదు. గుడి సేసీ. గుడి మీద సెయ్యేసీ ఆఫీసరు ఈ ఊర్లో లేడు."

"గుడంటే అమ్మోరుండాల కదా! రాత్రికి రాత్రి అమ్మోర్ని ఎక్కడ తెస్తాను?"

డేవిడ్ మావయ్య చూపు గదంతా తిరిగి రుబ్బురోలు మీద ఆగింది. రోల్లోంచి పొత్రాన్ని ఎత్తి, నిలబెట్టి, తల పక్కకి వాల్చి చూశాడు.

"సూడు బావా, నిలబెడితే ఎంత కళగున్నాదో!"

"ఓరి నాయనో! మినపప్పు నానబోసినాను. రేపు ఏటితో రుబ్బాల?" అని అత్త గగ్గోలు పెట్టింది.

"గది కావాలా, ఇడ్లీ కావాలా అప్పా?" అన్నాడు డేవిడ్ మావయ్య. మా వైపు అక్కని అప్ప అంటారు.

అత్త కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. చివరికి ట్రంకు పెట్టె మూసి పసుపు డబ్బా తీసింది.

చీకటి పడేలోగా డేవిడ్ మావయ్య పీట కొట్టాడు, ఆయన భార్య వేపకొమ్మలు తెచ్చింది, నన్ను తిట్టిన వాళ్ళంతా తలో దండా తలో దీపం పట్టుకొచ్చారు. పసుపు పూసి, బొట్టు పెట్టి, ఎర్రంచు రవికగుడ్డ చుట్టేసరికి మా పొత్రానికి నాకే దండం పెట్టాలనిపించింది.

ఆదివారం ఇన్‌స్పెక్టర్ బాబు చెప్పిన వేళకి, నేను చెప్పిన దారినే వచ్చాడు. గదిని చూసి ఆగాడు.

"ఎటా కీ?" అన్నాడు. ఇదేమిటని.

ఆగి, ఇదేమిటని అడిగాడు చూశారా! అసలు పౌరుడు ఆయనే. నాన్న నన్ను ముందుకు తోశాడు.

"మందిర్ సార్" అన్నాను. గొంతు నాది కాదు, మేకపిల్లది.

ఆయన చటుక్కున చెప్పులు విడిచాడు. లోపల మొహం నిండా పసుపుతో అత్త కూర్చుని ఉంది. పక్కింట్లోంచి డేవిడ్ మావయ్య కూడా వచ్చి భక్తిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ బాబు కళ్ళు మూసుకుని దండం పెట్టి, తన కూతురు పరీక్ష గట్టెక్కుతుందా అని అత్తని అడిగాడు. అత్తకి వచ్చిన బెంగాలీ అంతా కలిపి ఒకటే మాట.

"హొబే, హొబే" అంది. అవుతుంది, అవుతుందని.

ఆయన మొహం విప్పారింది. బయటికి వచ్చి వెళ్ళిపోబోయాడు. గది దక్కింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్కడితో నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"సార్, పైపు లీకు..."

నాన్న నా కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆయన వెనక్కి తిరిగి, గుడి గోడని ఆనుకుని బొట్టుబొట్టుగా రాలుతున్న నీళ్ళని చూశాడు.

"కొతో దినేర్?" అన్నాడు మెల్లగా. ఎన్నాళ్ళనుంచీ అని.

"నేను పుట్టకముందునుంచి సార్" అన్నాను. ఆ రోజంతటికీ నేను చెప్పిన నిజం ఇదొక్కటే.

ఆయన దోసిలి పట్టి, నీళ్ళు తల మీద చల్లుకున్నాడు. "లీకా? ఇది మాయేర్ జొల్, అమ్మవారి నీళ్ళు! హాత్ మత్ లగానా, చెయ్యి వెయ్యకు!" అని వెంట వచ్చిన పనివాణ్ణి కసిరాడు. పనివాడు పానా సంచిలో పెట్టేసుకుని తనూ నాలుగు చుక్కలు చల్లుకున్నాడు.

ఆ అమ్మాయి పరీక్ష పాసైంది. ఇంకేముంది! మంగళవారాలు జనం రావడం మొదలైంది. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, అమ్మవారికి చీరలు. అత్త ఆ గదిలోనే తెరకి అవతల పడుకునేది. ఆ లైనులో అంత గట్టి ఇల్లు ఇంకొకరికి లేదు. పొత్రం మాత్రం మళ్ళీ రోలెక్కలేదు. అమ్మవారితో మినపప్పు రుబ్బుతామా? తొంభైల్లో నేను ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో గ్రైండరు కొనేదాకా మా ఇంట ఇడ్లీ ఉడకలేదు.

గ్రైండరు తిరుగుతుంటే చూస్తూ ఒకసారి అత్త అంది, "అల్లుడా, ఆ నాడు నువ్వు పౌరుడు పౌరుడని ఎగిరినావు గానీ, నా గది కోసం లైనంతా వచ్చీసినారు సూడు. ఆళ్ళని ఏటంటారు మరి?"

నేను గ్రైండర్లో ఇంకో గుప్పెడు మినపప్పు వేశాను.

అత్త పోయి చాలా ఏళ్ళైంది. మొన్న ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు చూశాను, రేకుల గదికి పక్కా శ్లాబు పడింది. పైపు కారుతూనే ఉంది. దాని కింద ఇప్పుడు ఇత్తడి గిన్నె పెట్టారు. ఎవరో పిల్లాడు నా చేతిలో తీర్థం పోశాడు. కళ్ళకద్దుకుని తాగాను. అత్త చేతి నీళ్ళలాగే ఉన్నాయి.

ఆ పసుపు పొత్రం సాక్షిగా, తడి చేత్తో, అక్కడే ప్రమాణం చేశాను. బతికినంతకాలం ఎక్కడ ఏది కారినా, ఏది విరిగినా అడుగుతాను, పౌరుణ్ణి కదా. కానీ ఏ ఆఫీసర్నీ ముందు గుమ్మంలోంచి తప్ప రమ్మనను. ఆ పూట ఇంట్లో మినపప్పు నానబోసి ఉంటే, అసలు పిలవనే పిలవను.