నన్నే తప్పంది
మా కోడింగ్ మేడం ఇక లేరని పోయిన ఆదివారం పొద్దున మా పాత బ్యాచ్ గ్రూపులో చూశాను. గుండెపోటట. ఏడ్చాను. ఏడుస్తూనే ఆవిడ మాటలు గుర్తొచ్చి నవ్వాను కూడా. ఆవిడ గురించి ముఖం ముడుచుకుని రాయడం నాకు చేతకాదు.

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద, టిఫిన్ సెంటర్ పైగదిలో ఆవిడ క్లాసు. డాక్టరు రాసిన రిపోర్టు చదివి, బీమా లెక్కల కోసం ఆ జబ్బుకు సరైన కోడ్ వేయడం మా చదువు. రావల్కోల్‌లోని ఇంటి నుంచి డబ్బాలో సర్వపిండి తెచ్చి, జవాబు తప్పు చెప్పినవాళ్లకే ముందు పెట్టేవారు. "తప్పు జెప్పినోళ్లకే ఆకలి ఎక్కువుంటది" అనేవారు. కొందరు ఆ సర్వపిండి కోసమే తప్పులు చెప్పేవారని నా అనుమానం.

థైరాయిడ్ పాఠమంటే ఆవిడకు మహా ఇష్టం. "గడ్డ ఉందని గ్రంథి మొత్తం తీసేసిన్రు. కొన్ని నెలలకు పేషెంటు మళ్లొచ్చింది. ఇగ ఏం రాస్తరు?"

గడ్డ అనేవాళ్లం.

"తీసేసిన గడ్డ మళ్ల యాడికెల్లి వస్తది? ఆపరేషన్ అయినంక హార్మోన్ తక్కువైంది, గోలీ మింగుతాంది. గది రాయాలె."

తప్పు కోడ్ కనిపిస్తే నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఆవిడనే దిద్దాను. "దీంతోని మస్తు పరేషాన్" అంటూ మురిసిపోయారు.

తర్వాత నేనూ కొత్తవాళ్లకు కోడింగ్ నేర్పే ఉద్యోగంలో చేరాను. అంతలో నా మెడలోనే గడ్డ తేలింది. గ్రంథి తీసేయాలన్నారు. గొంతు నరం పక్కనే ఉంటుంది కాబట్టి కొందరికి మాట దెబ్బతినవచ్చని డాక్టరు ముందే చెప్పారు. మాటే నా బతుకుతెరువు. భయపడిపోయాను.

శామీర్‌పేట వైపు ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. మర్నాడు డాక్టరు మాట్లాడమన్నారు. నేను నోరు తెరవలేదు. ప్రయత్నిస్తే, గొంతు రాకపోతే? అమ్మ బతిమాలింది. తల అడ్డంగా ఊపాను.

మధ్యాహ్నం మేడం ఐస్‌క్రీం కప్పుతో వచ్చారు. నన్ను పలకరించనైనా లేదు. చెప్పులు మంచం కింద విడిచి, అమ్మ పక్కన కూర్చున్నారు.

"ఇగ గడ్డ లేదు గదమ్మా. గీ అడ్మిషన్‌కు గడ్డ కోడ్ వేసే పనే లేదు. హార్మోన్ తక్కువ అని రాస్తే అయిపాయె."

నాకు ఒళ్లు మండింది. గడ్డ తీయడానికే కదా నన్ను చేర్చుకున్నది.

"తప్పు మేడం," అన్నాను. "ఈసారికి గడ్డే రాయాలి. మీరు చెప్పింది తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు."

బొంగురు గొంతు, గీరుకుపోయిన గొంతు. కానీ నాదే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈరోజుకీ పాఠం చెప్పి బతుకుతున్నాను. ఆవిడకు ఎంత రుణపడ్డానో చెప్పడం నా తరం కాదు.

ఆరోజు మేడం మాత్రం గభాల్న లేచి, ఉత్త కాళ్లతోనే వరండాలోకి వెళ్లిపోయారు. తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్నారు. నర్సును ఆపారు, ఊడ్చే ఆమెను ఆపారు, ఎదుటి గదిలో ఎవరో ముక్కూమొహం తెలియని రోగి దగ్గరికీ వెళ్లారు. అందరికీ అదే చెబుతున్నారు.

"మా పిల్ల మాట్లాడింది. నన్నే తప్పంది."