సత్యకుమారి కుట్టించుకున్న చెవి

సత్యకుమారికి నోరెక్కువ. నరసాపురం చేపల మార్కెట్లో ఆమెతో బేరమాడి గెలిచినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. అలాంటి మనిషి పదకొండేళ్లు ఎడమ చెవిని చీరకొంగుతో కప్పుకుని బతికిందంటే నమ్మడం కష్టమే. ఒకరోజు గంప దించుతుంటే దాని అంచు బుట్టకమ్మకి తగులుకుని చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. అప్పట్నుంచి ఎవరైనా ఎడమవైపు వచ్చి నిలబడితే చాలు, ఆమె మాట తడబడేది.

కూతురు సాయిదుర్గ ఊరుకోలేదు. "అరగంట పనమ్మా, మత్తిచ్చి కుట్టేస్తారు" అని పోరి పోరి భీమవరంలో డాక్టర్ మంజుష దగ్గరికి తీసుకెళ్లింది.

కుట్టేముందు డాక్టరు అడిగింది. "ఇదివరకు ఎక్కడైనా దెబ్బ తగిలితే, అది మానాక మచ్చ ఉబ్బి గడ్డ కట్టిందా అండి?"

"అబ్బే, నాకు దెబ్బలేం తగల్లేదండి" అని ఠక్కున చెప్పేసింది సత్యకుమారి. అప్పుడు ఆమె చేతులు కొంగు కింద ఉన్నాయి. దాచాలని కాదు, ఏసీకి చలేసి.

కుట్లు విప్పాక రెండు నెలలు ఆమెను పట్టలేకపోయాం. కొంగు నడుముకి బిగించి, కమ్మల్లేని బోసి చెవులతోనే మహా దర్జాగా కూర్చునేది.

మూడో నెలలో కుట్టు దగ్గర దురద మొదలైంది. వేలితో నొక్కితే శనగగింజంత ఉండ గట్టిగా తగిలింది. భర్త పల్లంరాజుకి చూపించింది. "నీ చేతికి జెల్ల ముల్లు గుచ్చుకున్నచోట కూడా ఇలాగే మొదలైంది కదే" అన్నాడాయన, బాగుచేస్తున్న వల పక్కన పెట్టి.

సత్యకుమారి తన చెయ్యి చూసుకుంది. కుడిచేతి బొటనవేలి మొదట్లో ఉసిరికాయంత గడ్డ ఉంది. డాక్టరు అడిగింది దీని గురించేనా? జెల్ల చేప ముల్లు గుచ్చుకోని చెయ్యి ఆ మార్కెట్లో ఒక్కటీ ఉండదు. కాస్త పసుపు అద్దుకుని మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంటారు. దాన్ని దెబ్బని అక్కడ ఎవరూ అనరు.

చీలిన చెవినైతే కొంగుతో కప్పింది. రేపు దానికే ఉసిరికాయంత గడ్డ వేలాడితే ఏం పెట్టి కప్పాలి? బేరం మధ్యలోనూ వేళ్లు చెవి మీదికే పోయేవి. ఒకావిడ సగం ధరకే పండుగప్ప చేప పట్టుకుపోయినా చూసుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే మాత్రం వెళ్లదు. అబద్ధం చెప్పావని తిట్టి పంపేస్తుందని భయం. ఆ భయంతో పదిరోజులు పాడు చేసింది. ఇంత నోరుండి ఏం లాభమని నాకు ఒళ్లు మండింది.

చివరికి సాయిదుర్గే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. డాక్టరు తమ్మెను నొక్కి చూసింది.

"గడ్డ మొదలవుతోందండి. నెలకో ఇంజెక్షన్ చేసి చూద్దాం, అణగొచ్చు. ఆరోజు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

సత్యకుమారి రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "మీరు దెబ్బలడిగారండి. ఇవి చేపముళ్ల గుర్తులండి, దెబ్బలు కావండి. మా పనంతేనండి."

డాక్టరు ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇన్నిసార్లు గుచ్చుకుంటే నొప్పి పుట్టలేదా అండి?"

ముప్పై ఏళ్ల చేపల బేరంలో ఆ మాట ఆమెను అడిగినవాళ్లు లేరు. మొగుడు అడగలేదు, కూతురు అడగలేదు, వారం వారం ఆ చేతుల మీదుగా చేపలు కొనుక్కున్న నేనూ అడగలేదు.

"పుట్టిందండి" అంది సత్యకుమారి. అని, చిన్నపిల్లలా భోరుమంది.