జమ కింద కొనని బంగారం

ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చుని బడికి వెళ్లడం ఒక విద్య. ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి బ్యాగు మీద పెట్టి, భారం దేవుడి మీద వెయ్యాలి. జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ వైపు ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడికి నేను చాలా ఏళ్లు అలాగే వెళ్లాను. ఉచిత బస్సు ఉంది గాని అది బడి గంట చూసి రాదు. స్కూటీ కొనుక్కుంటానని నేను అడిగినప్పుడల్లా మా ఆయన "కొందాం" అనేవాడు. ఆయనది స్పేర్‌పార్ట్స్ దుకాణం. లేని సామాను అడిగినవాళ్లకు "రేపొస్తది" అని చెప్పేది కూడా అదే గొంతుతోనే.

నేను పిల్లలకు లెక్కలు చెప్తాను. ఇంటి లెక్క మాత్రం ఏ నెలా తేలేది కాదు. అందుకని ఒక ఎండాకాలం సెలవుల్లో ఫోన్‌లో సొంతంగా ఒక షీట్ తయారు చేశాను. దొరికే యాప్‌లు నాకు నచ్చలేదు. వాటిలో పిజ్జాకూ జిమ్ముకూ గడులున్నాయి, జొన్నలు పట్టించే గిర్నీకి లేదు. నా షీట్‌లో అన్నీ ఉన్నాయి. ఒక పక్క జమ, ఒక పక్క ఖర్చు, పక్కన రాసినవాళ్ల పేరు, అన్నిటికీ పైన స్కూటీ గడి. అది ఎర్రగా ఉంటుంది. స్కూటీకి సరిపడా మిగిలిన రోజున దానంతటదే పచ్చబడుతుంది. ఆ సూత్రం పనిచేసిన సాయంత్రం నా తెలివికి నేనే మురిసిపోయి రెండుసార్లు చాయ్ తాగాను.

నాతో పాటు మా ఆయన, అత్తమ్మ కూడా అందులో రాయాలి. మా ఆయన రాసినవన్నీ "ఇతరాలు". చాయ్ ఇతరాలు, పాన్ ఇతరాలు, ఒకరోజైతే "నిన్నటి ఇతరాలు". ఇంటి సామాన్లు, కూరగాయలు, బట్టలు చూసేది అత్తమ్మ కాబట్టి అసలు భయం ఆమె గురించే. ఒక్కసారి చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కింది నుంచి పై దాకా చదివింది.

"జమల నీ పేరున్నది, వాని పేరున్నది. నాది లేదేంది?" అంది.

"మీకు జీతం రాదు గదా అత్తమ్మా. ఏమన్న సంపాయిస్తే మీరు కూడ రాయుండ్రి," అన్నాను నవ్వుతూ.

"సరే తియ్యి," అంది. నేనా సంగతి అక్కడితో మరిచిపోయాను.

ఆ తర్వాత పై గడి తప్ప కింది వరసలు చూసిన పాపాన పోలేదు. దసరా ముందు ఒకరోజు ఆటోలో ఊగుతూ ఫోన్ తీశాను. గడి పచ్చగా ఉంది. ఆనందం పట్టలేక అక్కడికక్కడే డ్రైవర్‌తో, "అన్నా, సోమవారం సంది నేను రాను, బండి కొంటున్న," అని చెప్పేశాను. బడిలో మిఠాయి పంచాను. తోటి టీచరు ఒకామె మిఠాయి నోట్లో పెట్టుకుంటూనే, "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ముందు బండి రానీయి మేడం," అంది. కుళ్లు అనుకున్నాను.

శనివారం షోరూంకి వెళ్లి ముదురు నీలం రంగు ఎంచుకున్నాను. కిస్తీలు వద్దు, మొత్తం ఒకేసారి కడతానని గొప్పగా చెప్పి ఫోన్‌లో బ్యాంకు ఖాతా తెరిచి చూశాను. అందులో స్కూటీ ధరలో మూడో వంతు కూడా లేదు. మళ్లీ తెరిచాను. మళ్లీ అంతే. షోరూం అతను నా మొహం చూసి మంచినీళ్లు తెప్పించాడు.

ఇంటికొచ్చి కింది వరసలు తీశాను. జమ నిండా అత్తమ్మే.

"అల్లం కిలకు నూట ఇరవై అన్నడు, ఎనబైకి ఇచ్చిండు. నలబై జమ." "చీర పన్నెండు వందలు చెప్పిండు, ఏడు వందలకు తెచ్చిన. ఐదు వందలు జమ." "సంగారెడ్డికి బస్సుల పోయిన, టికెటు లేదు. జమ." "గోడలకు రంగు ఏపిద్దామన్నడు కొడుకు, వద్దన్న. పదిహేను వేలు జమ." ఇక ఆఖరు వరస: "అర్ధ తులం బంగారం కొందామనుకున్న. కొనలే. యాబై వేలు జమ."

ఫోన్ పట్టుకుని ఆమె ముందుకు వెళ్లాను. "కొనని బంగారం జమ ఎట్లయితది అత్తమ్మా?"

"కొంటే ఖర్చయితుండెనా లేదా?"

"అయితుండె. కని మన దగ్గర ఆ పైసలే లేకుండె గదా."

"అందుకే కొనలే," అంది.

మా ఆయన "టీచరమ్మ ఇంట్ల కాకి లెక్కలు" అని పగలబడి నవ్వాడు. దాంతో నాకు ఒళ్లు మండింది. అత్తమ్మ చూస్తుండగానే ఆమె జమ మొత్తం తుడిపేశాను.

ఆమె అరవలేదు. "ఇన్నేండ్ల సంది అంగట్ల నోరు నొయ్యంగ బేరం చేసిన. నేను పెట్టింది ఖర్చుల రాయిస్తివి. నేను మిగిలించింది రాయనియ్యవైతివి," అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నా మనసు చివుక్కుమంది. అయినా పంతం కొద్దీ అలాగే ఉండిపోయాను.

సోమవారం ఆటో దగ్గరికి వెళ్తే నా సగం సీటులో దవాఖానకు కొత్తగా వచ్చిన నర్సమ్మ కూర్చుని ఉంది. "మీరే రానన్నరు గద మేడం," అన్నాడు డ్రైవర్. వెనకాల అల్లం బస్తాల మధ్య ఇరుక్కున్నాను. ఆ వారమంతా నా చీరలు పచ్చడి వాసన కొట్టాయి.

అత్తమ్మ మాత్రం షీట్ రాయడం మానలేదు, బేరం మానేసింది. కూరగాయలమ్మే చాచా ఒకరోజు నన్ను దారిలో ఆపాడు. "అమ్మ తబియత్ ఠీక్ లేదా మేడం? మిర్చి ధర చెప్తే మారుమాట లేకుంట ఇచ్చి పోయిన్రు. నాకే ఫికరై పది రూపాయలు వాపస్ ఇయ్యబోయిన. తీసుకోలే," అన్నాడు.

నెలాఖరుకు చూస్తే, స్కూటీ కోసం ఆ నెల నేను దాచాల్సినదంతా పెరిగిన ఖర్చుకే పోయింది. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే నేను రిటైరయ్యేదాకా అల్లం బస్తాల మధ్యే. మా ఇంట్లోకి మూడో జీతం ఒకటి ఇన్నాళ్లూ చప్పుడు లేకుండా వస్తోందని నాకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

ఆ సాయంత్రం అత్తమ్మ చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. షీట్‌లో ఆమె సంపాదన కోసం కొత్తగా చేర్చిన పట్టీకి "అత్తమ్మ కమాయి" అని పేరు పెట్టి, బ్యాంకు లెక్కతో కలవకుండా విడిగా ఉంచాను. "బేరంల మిగిలింది ఇండ్ల రాయుండ్రి. బంగారం మాత్రం వద్దు," అన్నాను.

"గోడల రంగు?"

"అది కూడ వద్దు."

"బస్సు?"

"రాయుండ్రి."

"రంగుల సగం రాస్త," అంది. పావుకు కుదిరింది.

ఎండాకాలానికి గడి మళ్లీ పచ్చబడింది. ఈసారి ముందు బ్యాంకు చూసుకున్నాను, ఆ తర్వాతే నవ్వాను. షోరూంకి అత్తమ్మ కూడా వచ్చింది. అక్కడతను ఒకటే ధర అన్నాడు. ఆమె సరేనని కుర్చీలో స్థిరంగా కూర్చుంది. చాయ్ తాగింది. అతని అమ్మది ఏ ఊరో అడిగింది, రాయికోడ్ అని తెలుసుకుంది, అక్కడి తన చుట్టాల పేర్లు ఒక్కొక్కటే తీసింది. మధ్యాహ్నానికి అతను నాలుగు వేలు తగ్గించి, హెల్మెట్ ఇచ్చి, మమ్మల్ని సాగనంపాడు.

బడికి నా బండి మీద వెళ్లిన మొదటి సాయంత్రం షీట్ తెరిచి, ఎవరూ చూడకుండా నా పేరు మీద ఒక వరస రాసుకున్నాను: "ఆటోకు ఇయ్యలే. ఎనబై జమ."

పొద్దున చూస్తే ఆ ఎనభై అత్తమ్మ కమాయిలో ఉంది.

"ఇదేంది అత్తమ్మా?" అన్నాను.

"బండి ధర దించింది ఎవలు?" అంది, పోపు పెడుతూ. "ఫికర్ చెయ్యకు. పెట్రోలు నీ పేరు మీదనే ఉంచిన."